హైదరాబాద్ నుంచి అరకు కారులో వెళ్తున్నారా? రాత్రి బస రాజమండ్రిలో పెట్టుకోండి

పిల్లలు, పెద్దవాళ్లతో అరకు వెళ్లేటప్పుడు దూరాన్ని సరిగ్గా సగానికి పంచకండి. మొదటి రోజు ఎక్కువ, రెండో రోజు తక్కువ ఉండాలి. ఎందుకంటే శృంగవరపుకోట దాటాక మొదలయ్యే అనంతగిరి ఘాట్‌ రోడ్డు వెలుతురుండగానే ఎక్కేయాలి. చీకట్లో ఆ మలుపులు తెలియనివాళ్లకి ప్రమాదం, పైగా దారి పక్కన కాఫీ తోటలు కూడా కనిపించవు.

అందుకే రాజమండ్రి. విజయవాడ మీదుగా దాదాపు 420 కిలోమీటర్లు. తెల్లవారుజామునే బయల్దేరితే సాయంత్రం గోదావరి గట్టున కాసేపు నడవచ్చు. రోజంతా కారులో ముడుచుకుని కూర్చున్న పెద్దవాళ్ల కాళ్లకి ఆ నడక చాలా అవసరం. గది మోరంపూడి వైపు, హైవేకి దగ్గరగా తీసుకుంటే పొద్దున్నే ఊళ్లో ట్రాఫిక్ తప్పుతుంది. లిఫ్టు, పార్కింగ్ ఉన్నాయో లేదో ఫోన్ చేసి అడగండి.

ముఖ్యంగా ఒక్క రాత్రికి విడిగా చిన్న బ్యాగు సర్దండి: అందరికీ ఒక జత బట్టలు, బ్రష్షులు, బీపీ, షుగర్ మాత్రలు, ఛార్జర్లు, ఆధార్ కార్డులు. దాన్ని డిక్కీలో అన్నిటికంటే పైన పెట్టండి. పెద్ద సూట్‌కేసులు కదిలించే పనే ఉండదు.

మర్నాడు పిల్లలకి ఇడ్లీలాంటి తేలికైన టిఫినే పెట్టండి. ఘాట్‌లో వాంతులు చాలావరకు తగ్గుతాయి. పెట్రోలు శృంగవరపుకోటలోనే నింపించుకోండి.