విఎస్ కోడ్‌లో రంగులు మాట వినకపోతే

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర సాయంత్రం పూట పైథాన్ చెబుతుంటాను. పలాస, నరసన్నపేట, ఆమదాలవలస నుంచి వచ్చే పిల్లలే ఎక్కువ. మేం కోడ్ రాసే ఎడిటర్ విఎస్ కోడ్, అది కోడ్‌లో ఒక్కో రకం మాటకు ఒక్కో రంగు వేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు తప్పు పట్టించే మొదటి ఆసరా ఆ రంగే. మూడు కొటేషన్ల స్ట్రింగ్‌ను, అంటే కొటేషన్ల మధ్య రాసే మాటలను, మూయడం మరిచిపోతే కింది వరుసలన్నీ ఒకే రంగులోకి మారిపోతాయి, ఎర్రర్ చదవకముందే విషయం తెలిసిపోతుంది. అందుకే రంగు సరిగ్గా లేకపోతే నేను పాఠం ఆపేసి ముందు దాని సంగతి చూస్తాను.

సమస్య: ఫైల్ మొత్తం ఒకే రంగులో ఉంది

ఎడిటర్‌లో కుడివైపు అడుగున చూడండి. అక్కడ ‘ప్లెయిన్ టెక్స్ట్’ అని ఉంటే, అది పైథాన్ అని ఎడిటర్‌కు తెలియలేదన్నమాట. చాలాసార్లు నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినప్పుడు పేరు చివర డాట్ టీఎక్స్‌టీ చేరి ఉంటుంది, విండోస్ దాన్ని దాచేస్తుంది. ఆ ‘ప్లెయిన్ టెక్స్ట్’ మీద నొక్కి పైథాన్ ఎంచుకుంటే రంగులు వెంటనే వస్తాయి. ఫైల్ పేరు కూడా సరిచేయండి, లేకపోతే రేపు మళ్లీ ఇదే.

సమస్య: కామెంట్లు వెనక బెంచీకి కనబడటం లేదు

పలాస కుర్రాడొకడు జీడిపప్పు బిల్లు వేసే ప్రోగ్రాం రాశాడు. అందులో ‘డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు’ అని చక్కటి కామెంట్, అంటే చదివేవాళ్ల కోసం కోడ్‌లో రాసుకునే వివరణ, పెట్టాడు. ప్రొజెక్టర్ మీద అది ఎవరికీ కనబడలేదు. డార్క్ థీమ్‌లో, అంటే నల్లటి నేపథ్యం ఉన్న రంగుల అమరికలో, కామెంట్లకు ఇచ్చే ఆకుపచ్చ, వెలుతురున్న గదిలో గోడ మీద వెలిసిపోతుంది.

సెట్టింగ్స్ జేసన్ ఫైల్ తెరిచి ‘ఎడిటర్ డాట్ టోకెన్ కలర్ కస్టమైజేషన్స్’ కింద ‘కామెంట్స్’ అని రాసి లేత పసుపు రంగు కోడ్ ఇవ్వండి. థీమ్ మొత్తం మార్చక్కర్లేదు.

సమస్య: రంగు మార్చాను, అయినా మారలేదు

ఎక్కువమంది విసిగిపోయేది ఇక్కడే. ఊహతో సెట్టింగ్స్ కెలకవద్దు, ఎడిటర్‌నే అడగండి. కర్సర్‌ను ఆ మాట మీద పెట్టి, కంట్రోల్, షిఫ్ట్, పీ కలిపి నొక్కి, ‘ఇన్‌స్పెక్ట్ ఎడిటర్ టోకెన్స్ అండ్ స్కోప్స్’ ఎంచుకోండి. ఒక పెట్టె తెరుచుకుని, ఆ మాటకు ఏ రంగు వచ్చిందో, ఏ నియమం వల్ల వచ్చిందో చూపిస్తుంది.

అందులో ‘సెమాంటిక్ టోకెన్ టైప్’ అనే వరుస ఉంటే కారణం దాదాపు దొరికినట్టే. రంగులు రెండు దశల్లో పడతాయి. ముందు అక్షరాల అమరికను బట్టి, తర్వాత ఎడిటర్‌కు అదనంగా చేర్చుకునే భాషా ఎక్స్‌టెన్షన్ కోడ్ అర్థం చేసుకుని ఇచ్చే సమాచారాన్ని బట్టి. రెండోది మొదటిదాని మీద పడుతుంది. ఫైల్ తెరవగానే మీ రంగు కనబడి, రెండు క్షణాల్లో మారిపోతే అది దీని గుర్తే. అప్పుడు మీ నియమాన్ని ‘ఎడిటర్ డాట్ సెమాంటిక్ టోకెన్ కలర్ కస్టమైజేషన్స్’ కిందకు, ‘రూల్స్’ లోపలికి మార్చండి.

ఆ వరుస లేకపోతే ప్రాజెక్టు ఫోల్డర్‌లో డాట్ విఎస్‌కోడ్ ఫోల్డర్ ఉందేమో చూడండి. అందులోని సెట్టింగ్ మీ సొంత సెట్టింగ్ మీద నెగ్గుతుంది.

సమస్య: పెద్ద ఫైల్‌లో రంగులే లేవు

20 ఎంబీ గానీ, 3 లక్షల వరుసలు గానీ దాటితే ఎడిటరే మానేస్తుంది. ఫైల్‌ను ముక్కలు చేసుకోండి.

సమస్య: ఏమీ లేనిచోట పసుపు పెట్టె

మన భాషలో కోడ్ రాసేవాళ్లకు ఇది తప్పదు. విలువలు దాచుకునే వేరియబుల్స్‌కు తెలుగు పేర్లు పెట్టినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. ఒక అమ్మాయి ‘బిల్‌లో_బరువు’ అని పేరు పెట్టింది. పొల్లు ల్‌కూ లోకీ మధ్య పెట్టె కనబడింది, రన్ చేస్తే పైథాన్ కూడా యూ+200సీ అనే యూనికోడ్ సంఖ్య ఉన్న కనబడని అక్షరం చెల్లదంది. పొల్లు తర్వాతి అక్షరంతో కలిసిపోకుండా ఆపే గుర్తు అది. తెలుగు కీబోర్డు దాన్ని తెచ్చిపెడుతుంది.

పేరులో ఉంటే తీసేయాల్సిందే. ‘బిల్లు_బరువు’ అన్నాక ఇబ్బంది లేకపోయింది. రశీదు మీద ప్రింటయ్యే స్ట్రింగ్‌లో మాత్రం దాన్ని ముట్టుకోకండి, తీస్తే ‘బిల్‌లో’ కాస్తా ‘బిల్లో’ అయిపోతుంది.

ఈ పెట్టెల హెచ్చరికనే పూర్తిగా ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేనైతే వద్దంటాను. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన కోడ్‌లో యూ+200బీ అనే మరో కనబడని ఖాళీ వస్తుంది, దానితో ఏ పనీ లేదు, ఉంటే ప్రోగ్రాం నడవదు. పెట్టె మీద మౌస్ ఉంచి, యూ+200సీ ఒక్కదానికే మినహాయింపు ఇవ్వండి. 200బీ దగ్గర పెట్టె అలాగే కనబడుతుంది.