ఆవకాయలో ఉప్పు తప్పిందా? కారం మీద పడకండి, కొలత చూడండి

లక్షణం 1: మూడో రోజు తిరగ కలిపితే ముక్క చప్పగా ఉంది, లేదా నెల తిరగకుండానే జాడీలో బూజు.

లక్షణం 2: నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు.

మామిడికాయ పుల్లగా లేదనీ, నూనె మంచిది కాదనీ అనుకునే ముందు ఒక్కటి చూడండి. మీరు రాసుకున్న కొలత తూకమా, గిన్నెనా? ఏటా వేసవిలో ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను, ఏటా అది చూడకుండానే జాడీ కడుగుతున్నారు.

ఇంటి ఆవకాయ లెక్క చాలా చోట్ల గిన్నెలదే. గిన్నెడు కారం, గిన్నెడు ఆవపిండి, గిన్నెకు కాస్త తక్కువగా ఉప్పు. దీన్ని తలా పావుకిలో అని మార్చేస్తే పచ్చడి పాడైనట్టే. 240 మిల్లీలీటర్ల కప్పులో కారం సుమారు 110 నుంచి 120 గ్రాములు, ఆవపిండి 100 గ్రాముల దరిదాపు, మెత్తటి ఉప్పు 280 పైనే పడతాయి. అంటే పావుకిలో కారం రెండు కప్పులు దాటుతుంది, పావుకిలో ఉప్పు ఒక కప్పు కూడా నిండదు. ఉప్పు సగానికి పడిపోయాక బూజు రాక ఏమవుతుంది? తూకంలో రాసినదాన్ని కప్పులతో సమానంగా పోస్తే దీనికి తలకిందులు, అదే రెండో లక్షణం.

కప్పు కూడా ఏ కప్పో చూడండి. రైస్ కుక్కర్‌తో వచ్చేది సాధారణంగా 180 మిల్లీలీటర్లే. అరలీటరు నీళ్ల సీసాతో పోసి చూస్తే క్షణంలో తేలుతుంది. అన్నిటికీ ఒకే కప్పు వాడితే పరిమాణం ఎంతైనా ఫరవాలేదు. కొన్ని కప్పుతో, కొన్ని తూకంతో తీసుకుంటేనే చిక్కు.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయా? అయితే అసలు దొంగ ఉప్పు రకమే. పాత లెక్కలు ఎండబెట్టి దంచిన కల్లుప్పును దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. కల్లు పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది, ప్యాకెట్ ఉప్పు సందు లేకుండా సర్దుకుంటుంది. గిన్నె అదే, చెయ్యి అదే, లోపలికి వెళ్లే ఉప్పు మాత్రం ఎక్కువ. తూకం యంత్రం ఉన్నవారూ ఇక్కడే దెబ్బతింటారు. కప్పుకు ఇన్ని గ్రాములని చెప్పే పట్టికల్లో ఉప్పుకు ఉండే అంకె మెత్తటి ఉప్పుది. కల్లుప్పు లెక్కను ఆ అంకెతో మారిస్తే తూకం గ్రాము తప్పదు, రుచి మాత్రం తప్పుతుంది. అమెరికాలో అయోడిన్ లేదని కోషర్ అనే పెద్ద పలుకుల ఉప్పు కొనేవారిది ఎదురు కష్టం. మెత్తటి ఉప్పు చెంచాకు 6 గ్రాములుంటే, పొరలుగా తేలికగా ఉండే కోషర్ రకం 3 గ్రాములే ఉండవచ్చు. కప్పుతో పోస్తే సగం ఉప్పే పడుతుంది.

పరిష్కారం: పట్టిక పక్కన పెట్టి, మీ ఉప్పును మీ గిన్నెలోనే తూచండి. ఖాళీ గిన్నె పెట్టి యంత్రాన్ని సున్నా చేసి, ఉప్పు వదులుగా పోసి, అదమకుండా, తట్టకుండా, అంచు మీద కత్తి వెనుకవైపుతో గీసేయండి. వచ్చిన అంకెను ఉప్పు రకంతో సహా డబ్బా మూతమీద రాసుకోండి. కారానికీ, ఆవపిండికీ అంతే. మరపట్టిన రోజు గుల్లగా ఉన్న కారం డబ్బాలో నిలవుంటే అణిగిపోతుంది, కాబట్టి ముందు గరిటెతో కదపండి. యంత్రం లేకపోతే 200 గ్రాముల కారం ప్యాకెట్ విప్పి ఎన్ని గిన్నెలయిందో కొలవండి. తూకం ప్యాకెట్ మీదే ఉంది కదా.

నువ్వులనూనె లీటరు సుమారు 920 గ్రాములు. ఆ తేడాకు ఆవకాయ పాడవదు, వదిలేయండి. యంత్రంలో బ్యాటరీ తగ్గడం, బల్ల ఒరగడం లాంటివి ఎప్పుడో గాని జరగవు.

ఇప్పటికే కలిపేశారా? చప్పగా ఉంటే మూడో రోజే పొడి ఉప్పు కలపండి. ముక్క ఇంకా పీల్చుకుంటుంది కాబట్టి ఆ రోజు నాలుకకు కాస్త ఎక్కువే అనిపించాలి. ఉప్పు మించితే పుల్లటి కాయ ముక్కలు, కారం, ఆవపిండి, నూనె ఉప్పు లేకుండా కలిపి అందులో చేర్చండి. బూజు పట్టినదాన్ని మాత్రం పైపైన తీసి తినకండి, పారేయండి.