వర్చువల్ మెషీన్‌ను భద్రంగా బ్యాకప్ చేయడం ఎలా?

మీకు తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జీ ఉందనుకుందాం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లో తప్ప నడవదు. అందుకని కుర్రాడెవరో రిసెప్షన్ కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, అందులో పాత విండోస్‌తో ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్) తయారుచేసి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను అందులో పెట్టి వెళ్లాడు. ‘స్నాప్‌షాట్ తీశాను సార్, టెన్షన్ లేదు’ అని కూడా చెప్పాడు. టెన్షన్ ఉంది.

స్నాప్‌షాట్ అంటే, కావాలంటే వెనక్కి వెళ్లడానికి మెషీన్ ఆ క్షణంలోని స్థితికి పెట్టే గుర్తు. అది బ్యాకప్ కాదు. అది తీసిన తర్వాత జరిగే మార్పులు వేరే ఫైల్‌లోకి వెళ్తాయి. ఆ ఫైల్ అసలు డిస్కు ఫైల్ (వర్చువల్ మెషీన్‌కు హార్డ్‌డిస్కులా పనిచేసే ఫైల్) మీదే ఆధారపడుతుంది. రెండూ ఉండేది ఒకే హార్డ్‌డిస్కులో కాబట్టి, అది పోతే రెండూ పోతాయి. ఏదైనా అప్‌డేట్ వేసే ముందు తీసుకోవడానికి స్నాప్‌షాట్ మంచిదే, అంతకుమించి దాన్ని నమ్ముకోవద్దు.

ముందు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొనండి. అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్‌ను తీసుకోదు, కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడే ఎక్స్‌ఫ్యాట్‌కో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో మార్చండి. యాత్రికుల ఆధార్ కాపీలు కూడా ఆ మెషీన్‌లోనే ఉంటే వెరాక్రిప్ట్ లాంటి ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌తో డిస్కుకు పాస్‌వర్డ్ తాళం వేయండి. పాస్‌వర్డ్‌ను ఆ డిస్కు మీదే స్టిక్కర్ అంటించి రాయకండి!

తర్వాత రద్దీ లేని వేళ చూసుకుని, వర్చువల్ మెషీన్ లోపలి విండోస్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేయండి. మెషీన్‌ను ఉన్నదున్నట్టు మధ్యలో ఆపి ఉంచే ‘సేవ్ స్టేట్’ చాలదు. నడుస్తున్న మెషీన్ డిస్కు ఫైల్‌ను కాపీ కొడితే సగం రాసిన బిల్లు సగంలోనే రావచ్చు. ఇప్పుడు వర్చువల్‌బాక్స్ ఫైల్ మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్’ నొక్కి, ఓవీఏ ఫైల్‌ను (మెషీన్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా కట్టినది) ఎక్స్‌టర్నల్ డిస్కులోకి పంపండి. ఫైల్ పేరులో తేదీ ఉండాలి. పాత స్నాప్‌షాట్లు ఇందులోకి రావు, ఇప్పటి స్థితి మాత్రమే వస్తుంది. బ్రహ్మోత్సవాల్లో కంప్యూటర్ ఆపడం కుదరదంటే, నడుస్తుండగానే బ్యాకప్ తీయగల ప్రాక్స్‌మాక్స్, హైపర్-వీ లాంటి వేరే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి పెట్టడం మాత్రం తెలిసినవాళ్ల పని.

పని అవగానే డిస్కు ఊడదీయండి. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినప్పుడు దాన్నీ లాక్ చేసేస్తుంది.

చాలామంది ఎగ్గొట్టేది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, తిరిగి తెరిచి చూడటం. ఓవీఏను వేరే కంప్యూటర్‌లో ఇంపోర్ట్ చేయండి. స్టార్ట్ చేసే ముందు నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ‘కేబుల్ కనెక్టెడ్’ టిక్ తీసేయండి, లేకపోతే ఒకే ఐపీతో (నెట్‌వర్క్‌లో కంప్యూటర్ చిరునామా) రెండు మెషీన్లు కొట్టుకోవచ్చు. నిన్నటి చివరి బిల్లు కనిపించిందా? అయితే బ్యాకప్ ఉన్నట్టు.

రెండో కాపీ అదే బిల్డింగ్‌లో ఉంచకండి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఎలా మునిగాయో ఊళ్లో అందరికీ గుర్తే. చిత్తూరులో బంధువులుంటే అక్కడి బీరువాలో ఒక డిస్కు పెట్టి, వెళ్లినప్పుడల్లా కొత్తదాంతో మార్చుకోండి. మెషీన్ మొత్తం వారానికోసారి తీసినా సరిపోతుంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సొంత డేటా బ్యాకప్ మాత్రం రోజూ రాత్రి తీయాల్సిందే.