పాత కారు కొన్నారా? పాలసీ మొదలయ్యేదాకా తాళం తిప్పకండి

మాకు తెలిసిన కుర్రాడొకడు ఈమధ్య విశాఖలో పాత కారు కొని నరసన్నపేట తీసుకొస్తూ, పైడిభీమవరం దగ్గర హైవే మీద బైకును గుద్దాడు. బైకు మీదున్నాయనకి తొడ ఎముక విరిగింది. కారు ఇన్సూరెన్స్ అప్పటికే అయిపోయింది. "ఇంటికి తెచ్చాక కడదామనుకున్నానండీ" అంటున్నాడు. సంక్రాంతి ముందు మన వైపు చాలామంది పాత కార్లు కొంటారు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. ఇంజను, టైర్లు చూసుకోవడం మీకు తెలిసిందే.

మనుషుల్ని ముంచే తప్పు ఒక్కటే: "ఇంటిదాకే కదా" అనుకోవడం. ఆ బ్రేకు మీ కాలికి కొత్త, ఆ క్లచ్చు కొత్త, పైగా హైవే. ఇన్సూరెన్స్ అన్నిటికంటే అవసరమైన ప్రయాణం అదే.

థర్డ్ పార్టీ పాలసీ ఉంటే, ఎదుటి మనిషి చనిపోయినా గాయపడినా ప్రమాదాల కేసులు తేల్చే ట్రిబ్యునల్ వేసిన పరిహారం ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. దానికి పరిమితి లేదు. పాలసీ లేకపోతే ఆ మొత్తం బండి నడిపినవాళ్ల మీద, ఓనరు మీద పడుతుంది. కట్టకపోతే కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలా వసూలు చేస్తారు. అంటే పొలం మీదకి వస్తుంది. అందరూ 2,000 రూపాయల ఫైన్ గురించే అడుగుతారు, అది అసలు లెక్కే కాదు. 1000 సీసీ లోపు కారుకి 2022లో పెట్టిన థర్డ్ పార్టీ రేటు ఏడాదికి 2,094 రూపాయలు, పన్ను అదనం. ఇంత చిన్న మొత్తానికి బద్ధకిస్తే ఎలా?

కొనే ముందు

ప్రభుత్వం వాళ్ల ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో మీరే చూడండి. బ్రోకరు వాట్సాప్‌లో పంపిన కాగితాన్ని నమ్మకండి.

డబ్బు కట్టాక

పాలసీ మీద మొదలయ్యే తేదీ, టైము ఉంటాయి. చాలా పాలసీలు ఆ రాత్రి 12 దాటాకే మొదలవుతాయి. పొద్దున్న కట్టి మధ్యాహ్నం బయల్దేరితే లేనట్టే. పాత పాలసీ అయిపోయిన కారుకైతే ఇంకా ఆలస్యం, తనిఖీ చేయకుండా ఫుల్ ఇన్సూరెన్స్ (మీ కారు దెబ్బలకీ వర్తించేది) ఇవ్వరు. ఆదివారం అరసవల్లిలో పూజ అనుకుంటే ఆ వారం మొదట్లోనే ఈ పని మొదలుపెట్టండి.

పాత ఓనరు పాలసీ ఇంకా నడుస్తుంటే థర్డ్ పార్టీ వరకు మీకు వర్తిస్తుంది. మీ కారుకి తగిలే దెబ్బలకి మాత్రం పేరు మారేదాకా క్లెయిమ్ రాదు. పాలసీలో పేరు మార్చమని 14 రోజుల్లోగా కంపెనీకి అర్జీ పెట్టండి. ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు.

ఇక మిగతావి:

- అమ్మేవాళ్లూ, పేరు మార్పుకి పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టేసి ఊరుకోకండి. ఆర్సీలో మీ పేరున్నంతకాలం పరిహారం బాధ్యత మీదే. 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే.
- ఒడిశా బండికి ఎన్‌వోసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం) చూశాకే డబ్బు.
- బావమరిదికి "ఓ రౌండ్ వేసిరా" అని తాళం ఇవ్వకండి.
- పెట్రోలు బంకు దాకా కూడా వద్దు.
- ముహూర్తం దాటిపోతోందన్నా వద్దు.
- "ఇంటిదాకే కదా" అని ఎవరన్నా వినకండి.
- పాలసీ మొదలవలేదా? కారు అమ్మినాయన ఇంటి దగ్గరే ఉండనివ్వండి. మరీ తొందరైతే లారీ మీద ఎక్కించి తెప్పించుకోండి.