ఓబీఎస్‌లో సోర్సులకు రంగు వేసుకోండి

ఆర్కే బీచ్‌లో సాయంత్రం నాలుగింటికి ఎల్ఈడీ వాల్ చెక్ చేస్తుంటే ఎండ ల్యాప్‌టాప్ మీద పడి ఓబీఎస్ (కెమెరాలు, వీడియోలు కలిపి వాల్ మీదికి పంపే సాఫ్ట్‌వేర్) నల్లటి స్క్రీన్‌లో ఏ సోర్స్ (కెమెరా, వీడియో, లోగో లాంటిది) ఏదో కనపడదు. కంగారులో పక్కదాని కన్ను గుర్తు (సోర్స్‌ని చూపించే, దాచే బటన్) నొక్కేస్తాం.

సోర్స్ పేరు మీద రైట్ క్లిక్ చేసి సెట్ కలర్ తీయండి. కెమెరాలకు ఒక రంగు, వీడియో లూపులకు ఒకటి, స్పాన్సర్ లోగోలకు ఇంకొకటి. మూడు చాలు, నాలుగో రంగు వచ్చిందంటే మళ్లీ వెతుకులాటే. తర్వాత సెట్టింగ్స్‌లో అప్పియరెన్స్‌కి వెళ్లి, యామీ థీమ్‌కి స్టైల్ లైట్ పెట్టండి (30.2 వెర్షన్ నుంచి అక్కడే ఉంటుంది). చీకటి పడ్డాక మళ్లీ నల్లటి స్టైల్‌కి మార్చుకోవచ్చు. వాల్ మీదికి వెళ్లే బొమ్మకు వీటితో సంబంధం లేదు కాబట్టి భయం అక్కర్లేదు.

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వాళ్లు ఆపరేట్ చేస్తుంటే సెట్టింగ్స్‌లోనే యాక్సెసిబిలిటీలో సోర్స్ అంచుల రంగులు, ఆడియో మీటర్ రంగులు మార్చే వీలుంది. ఇది చాలామంది చూడను కూడా చూడరు, తప్పకుండా చూడండి.

ఒక్క జాగ్రత్త: రంగు ఆ సీన్‌లోని (సీన్ అంటే ఒకేసారి తెర మీదికి వెళ్లే సోర్సుల అమరిక) సోర్స్‌కే అంటుకుంటుంది. అదే కెమెరా ఇంకో సీన్‌లో ఉంటే అక్కడ మళ్లీ వేయాలి. సీన్ కలెక్షన్‌ని (సీన్లన్నీ కలిపి దాచుకున్న ఫైల్) అద్దె ల్యాప్‌టాప్‌లోకి ఇంపోర్ట్ చేస్తే సోర్స్ రంగులు వస్తాయి గానీ థీమ్, యాక్సెసిబిలిటీ రంగులు రావు. అవి షోకి ముందే అక్కడ పెట్టుకోవాలి.