అమెరికాలో యాంటెన్నాతో ఫ్రీ టీవీ: ముందు ట్యూనర్ సంగతి చూడండి

డాలస్ చుట్టుపక్కల కేబుల్ తీసేద్దామనుకునే మనవాళ్ళు మొదట అడిగేది "ఏ యాంటెన్నా కొనాలి?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మీ టీవీలో ఏ స్టాండర్డ్ (ప్రసార పద్ధతి) ట్యూనర్, అంటే గాల్లో వచ్చే సిగ్నల్‌ని పట్టి బొమ్మగా మార్చే భాగం, ఉందన్నది మొదటిది. అది సరిపోతే ఫాక్స్, ఎన్‌బీసీ, ఏబీసీ, సీబీఎస్, పీబీఎస్ అన్నీ నెలనెలా పైసా కట్టకుండా వస్తాయి. తెలుగు చానెళ్ళు మాత్రం రావు, వాటికి యాప్ ఉండాల్సిందే.

టీవీ వెనక మర ఉన్న గుండ్రటి యాంటెన్నా సాకెట్ ఉందేమో చూడండి. ఉంటే చాలావరకు పని అయినట్టే. 2007 మార్చి 1 నుంచి ఇక్కడి మార్కెట్‌కి పంపే ప్రతి టీవీలో డిజిటల్ ట్యూనర్ ఉండాలని ఇక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ రూలు పెట్టింది. మానిటర్లకీ, 'డిస్‌ప్లే' పేరుతో అమ్మేవాటికీ ఆ రూలు వర్తించదు, కొనేముందు అడగండి. ఇండియా నుంచి తెచ్చుకున్న టీవీ అయితే యాంటెన్నా ఆశ వదులుకోండి. డిజిటల్ ప్రసారానికి అక్కడ డీవీబీ అనే స్టాండర్డ్, ఇక్కడ ఏటీఎస్‌సీ అనేది. ఒకదాని ట్యూనర్‌కి రెండోది అర్థం కాదు. ఇక్కడి టీవీ అక్కడికి మోసుకెళ్ళినా ఇదే గొడవ. ఓల్టేజీ సరిపోతే సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీఎంఐలో పెట్టుకుని వాడుకోవచ్చు.

యాంటెన్నా విషయానికొస్తే, డబ్బా మీద "250 మైళ్ళు" అని రాసినవి నమ్మకండి. భూమి వంపు దాటి ఈ సిగ్నల్ అంత దూరం మామూలుగా రాదు. డాలస్ పెద్ద చానెళ్ళ టవర్లు ఊరికి నైరుతిగా సీడార్ హిల్ దగ్గర ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి దాదాపు 40 మైళ్ళు. ఎఫ్‌సీసీ సైట్‌లో మీ అడ్రస్ కొడితే ఏ చానెల్ ఎటువైపు నుంచి ఎంత బలంగా వస్తుందో మ్యాప్ చూపిస్తుంది. అందులో తెర మీద కనిపించే నంబరు కాదు, అసలు ప్రసారమయ్యే నంబరు చూడాలి. 4 అని కనిపించే ఫాక్స్ నిజానికి 35 మీద వస్తుంది, అది యూహెచ్‌ఎఫ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ). ఏబీసీ మాత్రం 8 మీదే, అంటే వీహెచ్‌ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ). కిటికీకి అతికించే పల్చటి అట్టలాంటి యాంటెన్నాలు చాలావరకు యూహెచ్‌ఎఫ్ కోసం చేసినవి. "అన్నీ వస్తున్నాయి, ఏబీసీ ఒక్కటే రావట్లేదు" అనే ఫిర్యాదుకి మూలం ఇక్కడుంది. పొడుగు కడ్డీలు రెండున్నది తీసుకోండి.

పెట్టే చోటు: టవర్ల వైపు కిటికీ, వీలైతే అటక. కొత్త టెక్సస్ ఇళ్ళలో వేడి ఆపడానికి పైకప్పు చెక్కకి లోపల రేకు అతికిస్తారు, అది సిగ్నల్‌నీ ఆపేస్తుంది. అలాంటి ఇంట్లో అటక కంటే మేడ మీది కిటికీయే మేలు. సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్ మొదటే కొనొద్దు, దగ్గర్లో ఉన్నవాళ్ళకి అది చెరుపే చేస్తుంది.

ఇంట్లో మనిషి అటూ ఇటూ నడిస్తే బొమ్మ ముక్కలవుతుందా? అది మీ యాంటెన్నా తప్పే కానక్కర్లేదు, స్టాండర్డ్ పుట్టుకలోనే ఉంది. ఇక్కడి మొదటి డిజిటల్ స్టాండర్డ్ ఏటీఎస్‌సీ 1.0, సిగ్నల్ పంపడానికి ఎయిట్-వీఎస్‌బీ అనే పద్ధతి వాడుతుంది. గోడలకీ బిల్డింగులకీ తగిలి ఆలస్యంగా వచ్చే సిగ్నల్‌ని తొలి ట్యూనర్లు తట్టుకోలేకపోయేవి. 1999లో టీవీ స్టేషన్లు నడిపే సింక్లెయిర్ సంస్థ బాల్టిమోర్‌లో యూరప్ వాళ్ళ సీఓఎఫ్‌డీఎం పద్ధతితో పోల్చి చూపించి, దాన్నీ అనుమతించమంది. ఎఫ్‌సీసీ ఒప్పుకోలేదు. తర్వాత ట్యూనర్ చిప్పులు బాగుపడ్డాయి కాబట్టి సరిపోయింది. అంచేత పాత టీవీలో రాని చానెల్ కొత్త టీవీలో అదే యాంటెన్నాతో వస్తే ఆశ్చర్యపోకండి.

తర్వాత సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ 'యాంటెన్నా' అని పెట్టి చానెల్ స్కాన్ చేయండి. 'కేబుల్' అని ఉంటే ఏమీ దొరకదు. అప్పుడప్పుడు మళ్ళీ స్కాన్ చేస్తుండండి, స్టేషన్లు ఫ్రీక్వెన్సీలు మారుస్తుంటాయి.

ఇక షాపులో మిమ్మల్ని టెన్షన్ పెట్టేది 'నెక్స్ట్‌జెన్ టీవీ'. అదే ఏటీఎస్‌సీ 3.0. సాంకేతికంగా మంచిదే. అప్పుడు ఎఫ్‌సీసీ కాదన్న సీఓఎఫ్‌డీఎంకి దగ్గరిదే ఇందులో వాడారు, ఇంట్లో సిగ్నల్ బాగా నిలబడుతుంది, 4కే కూడా వీలవుతుంది. అయినా జనం ఎందుకు ఎగబడలేదు? మొదటిదైన 1.0కి వెనక ప్రభుత్వం నిలబడింది. ట్యూనర్ తప్పనిసరి చేసింది, 2009 జూన్ 12న పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు ఆపించింది, పాత టీవీలున్నవాళ్ళకి కన్వర్టర్ బాక్సు కొనుక్కోమని ఇంటికి రెండేసి 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది. 2017 నవంబరులో 3.0కి అనుమతిచ్చినప్పుడు మాత్రం అంతా ఇష్టమున్నవాళ్ళకే అన్నారు. టీవీ కంపెనీలకి బలవంతం లేదు. పేటెంట్ కేసులో ఓడాక ఎల్‌జీ 2024 మోడళ్ళలో ఆ ట్యూనర్ పెట్టబోమని 2023లో చెప్పేసింది. పైగా చాలా స్టేషన్లు 3.0 ప్రసారానికి డీఆర్ఎం తాళం, అంటే అనుమతి ఉన్న పరికరాల్లోనే తెరుచుకునే డిజిటల్ తాళం, వేశాయి. ట్యూనర్ ఉన్నా అన్ని బాక్సుల్లో ఆ చానెళ్ళు తెరుచుకోవు. ఫ్రీగా గాల్లో వచ్చేదానికి తాళమేమిటో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నా సలహా: ఎటూ కొత్త టీవీ కొంటుంటే, రెండు మోడళ్ళ మధ్య ధర తేడా కొంచెమే ఉంటే నెక్స్ట్‌జెన్ లోగో ఉన్నది తీసుకోండి. దాని కోసమే విడిగా బాక్స్ కొనకండి. 2028 ఫిబ్రవరికి డాలస్ లాంటి పెద్ద మార్కెట్లలో 1.0 ఆపేయాలని బ్రాడ్‌కాస్టర్ల సంఘం 2025లో ఎఫ్‌సీసీని కోరింది. అది ఖాయమై తేదీ వస్తే అప్పుడు కొనండి. డీఆర్ఎం చానెళ్ళు తెరుస్తుందని డబ్బా మీద స్పష్టంగా ఉన్నదే కొనండి. మీ యాంటెన్నా మాత్రం మార్చక్కర్లేదు, రెండు స్టాండర్డ్‌లకీ అదే పనికొస్తుంది.