గీతతో మొదలయ్యే సీఎస్ఎస్ ప్రాపర్టీకి డాక్యుమెంటేషన్ ఎలా వెతకాలి?

ముందు ప్రిఫిక్స్ చూడండి, అంటే పేరు మొదట్లో రెండు గీతల మధ్య ఉన్న ముక్క. అది ఏ బ్రౌజర్‌దో చెబుతుంది. -వెబ్‌కిట్- అంటే సఫారీ, క్రోమ్. -మోజ్- ఫైర్‌ఫాక్స్‌ది. -ఎంఎస్- ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, పాత ఎడ్జ్‌లది, -ఓ- పాత ఒపేరాది. చివరి రెండింటికీ డాక్యుమెంటేషన్ వెతుకుతూ కూర్చోకండి. ఒపేరా 2013లో, ఎడ్జ్ 2020లో క్రోమ్‌కి ఆధారమైన క్రోమియంకి మారిపోయాయి. ఆ లైన్లు తీసేయండి.

తర్వాత సెర్చ్. చాలామంది ప్రాపర్టీ పేరును గీతతో సహా కాపీ చేసి గూగుల్‌లో పడేస్తారు. మాట ముందు గీత ఉంటే గూగుల్‌కి అది మైనస్, అంటే ఆ మాట ఉన్న పేజీలు వద్దని చెప్పినట్టే. పేరును కొటేషన్లలో పెట్టండి, లేదా మొదటి గీత తీసేసి పక్కన ఎండీఎన్ (మోజిల్లా వాళ్ల వెబ్ డాక్యుమెంటేషన్ సైట్) అని చేర్చండి. ఫలితాల్లో ఎండీఎన్ పేజీ తప్ప ఇంకేదీ తెరవకండి. పదేళ్ల నాటి ట్యుటోరియల్‌లో ఒకే ప్రాపర్టీని నాలుగు ప్రిఫిక్సులతో వరసగా రాసి ఉంటారు, దాన్నే జనం ఇప్పటికీ అతికిస్తున్నారు. ఏ ఫీచర్ ఏ బ్రౌజర్‌లో పనిచేస్తుందో చూపే కెన్‌ఐయూజ్ సైట్ మంచిదే, కానీ అది రెండో చూపుకే.

ఎండీఎన్ పేజీ పైన నాన్-స్టాండర్డ్, డిప్రికేటెడ్ అన్న పట్టీలు ఉన్నాయేమో చూసి, నేరుగా కిందున్న కంపాటిబిలిటీ టేబుల్‌కి, అంటే ఏ బ్రౌజర్‌లో పనిచేస్తుందో చూపే పట్టికకి వెళ్లండి.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. టేబుల్‌లో పచ్చ రంగు కనబడగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ గడి మీద నొక్కితే తెరుచుకునే నోట్ చదవాలి. ప్రిఫిక్స్‌తోనే పనిచేస్తుందా, ఏ వెర్షన్ దాకా, వేరే ఏ ప్రాపర్టీ తోడు కావాలి అన్నవి ఉండేది అందులోనే. ఉదాహరణకు యూజర్-సెలెక్ట్‌కి సఫారీలో ఇప్పటికీ -వెబ్‌కిట్- కావాలి. బ్యాక్‌డ్రాప్-ఫిల్టర్‌కి సఫారీ 18 నుంచి అక్కర్లేదు.

పాఠాన్ని కొన్ని లైన్లకే కుదించి చివర మూడు చుక్కలు పెట్టే -వెబ్‌కిట్-లైన్-క్లాంప్ సంగతి చూడండి. వెబ్‌కిట్ అన్న పేరున్నా ఇది ఫైర్‌ఫాక్స్‌లోనూ 68 నుంచి పనిచేస్తుంది. అయితే ఒంటరిగా రాస్తే ఏమీ జరగదు. డిస్‌ప్లేకి -వెబ్‌కిట్-బాక్స్, -వెబ్‌కిట్-బాక్స్-ఓరియెంట్‌కి వర్టికల్, ఓవర్‌ఫ్లోకి హిడెన్, మూడూ ఉండాలి. హిడెన్ మరిచిపోతే మూడు చుక్కలు వస్తాయి గానీ, మిగిలిన పాఠం వాటి కింద అలాగే వేలాడుతుంది. అన్నీ రాసినా పనిచేయకపోతే డెవ్‌టూల్స్ తెరిచి, పేజీకి చేరిన సీఎస్ఎస్ చూడండి. కొన్ని బిల్డ్ టూల్స్ బాక్స్-ఓరియెంట్ లైన్‌ను పాత సరుకనుకుని తీసిపారేస్తాయి.

బ్రౌజర్‌కి ఫలానా ప్రాపర్టీ తెలుసా అని కన్సోల్‌లో అడిగే సీఎస్ఎస్.సపోర్ట్స్ ట్రూ అన్నా నమ్మేయకండి. ఆ పేరు, విలువ పార్సర్‌కి (బ్రౌజర్‌లో సీఎస్ఎస్‌ని చదివే భాగానికి) తెలుసన్నంతవరకే అది చెబుతుంది. -వెబ్‌కిట్-ఫాంట్-స్మూతింగ్‌కి విండోస్ క్రోమ్‌లోనూ ట్రూ వస్తుంది, అక్షరాలు మాత్రం రవ్వంత కూడా మారవు. దాని ప్రభావం మ్యాక్‌లోనే.

రెండు కోలన్లతో మొదలయ్యే సూడో ఎలిమెంట్లకూ (ఎలిమెంట్‌లో ఒక భాగాన్ని మాత్రమే పట్టుకునే పేర్లకూ) ఇదే పద్ధతి, కానీ వాటిని కామాతో కలిపి రాయొద్దు. స్లైడర్‌లో పట్టుకుని జరిపే గుండీకి వెబ్‌కిట్ పేరు, మోజ్ పేరు ఒకే రూల్‌లో పెడితే, క్రోమ్ తనకు తెలియని మోజ్ పేరు చూసి మొత్తం రూల్‌నే వదిలేస్తుంది. విడివిడిగా రెండు రూల్స్ రాయండి, కోడ్ రెట్టింపైనా సరే.

ఎండీఎన్‌లో పేజీయే లేకపోతే ముందు వెబ్ ప్రమాణాలు రాసే వాట్‌డబ్ల్యూజీ వాళ్ల కంపాటిబిలిటీ స్టాండర్డ్ చూడండి. ఏ బ్రౌజరైనా మోయాల్సిన -వెబ్‌కిట్- పేర్ల పట్టిక అందులో ఉంది. అక్కడా లేకపోతే బ్రౌజర్ సోర్స్ కోడే దిక్కు. సఫారీకి వెబ్‌కిట్ రిపోలో సీఎస్ఎస్‌ప్రాపర్టీస్.జేసన్ అనే ఫైల్, ఫైర్‌ఫాక్స్‌కి దాని కోడ్‌ను వెతికే సెర్చ్‌ఫాక్స్ సైట్, క్రోమ్‌కి క్రోమియం సోర్స్. ఈ మూడింటి ఇప్పటి సోర్స్‌లోనూ పేరు దొరకకపోతే ఆ ప్రాపర్టీని ఈ బ్రౌజర్లేవీ చదవడం లేదు. లైన్ డిలీట్ చేసి, సఫారీలో ఒకసారి పేజీ తెరిచి చూసుకోండి.